గెట్టు మీద చాయ్

మా మేనత్త ఇక లేదని ఫోన్ వచ్చినప్పుడు నేను నల్లగొండ పక్కన ఒక ప్లాటు చూపిస్తున్నాను. కొనడానికి వచ్చినవాళ్ళు భార్యాభర్తలు. ఫోన్ పెట్టేసి, మా అత్త పోయింది, నేను వెళ్ళాలి అన్నాను. "అయ్యో, పో మేడం, పో" అంటూనే ఆ ఇల్లాలు, "మరి గీ ప్లాటుకు బ్యాంకు లోను వస్తదా?" అని అడిగింది. నాకు కోపం రాలేదు. అత్తే అయితే ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పి తర్వాత ఏడ్చేది. నేనూ అదే చేశాను. ఈ లేఅవుట్‌కు ఇంకా అనుమతి రాలేదు కాబట్టి లోను రాదని, అనుమతి వచ్చేదాకా ఎవరు తొందర పెట్టినా బయానా ఇవ్వొద్దని చెప్పి బస్సెక్కాను. హాలియా దాకా ఏడుస్తూనే ఉన్నాను.

హాలియాలో బస్టాండు దగ్గర ఒక షట్టర్ గది అత్త ఆఫీసు. భూములు అమ్మించడం, కొనిపించడం మా మామ మొదలుపెట్టిన పని. ఆయన పోయాక అత్త వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది. ఆడమనిషి భూముల బేరాలు చేయడమేమిటని బజారంతా గుసగుసలాడింది. "భూమికి ఆడ, మొగ తెలుస్తదా?" అని అత్త అందరికీ వినపడేట్టు అనేది. బ్రోకరమ్మ అని పిలిస్తే మాత్రం మొహం మాడ్చుకునేది. ఏజెంట్ అనాలి. ఏజెంట్ల లెక్క చూసే సర్కారు సంస్థ రెరాలో పేరు నమోదైన రోజున ఊరంతా మిఠాయి పంచి, కొత్త బోర్డు కింద పోచంపల్లి చీర కట్టుకుని నిలబడి ఫోటో దిగింది. ఆ ఫోటోలో బోర్డు కంటే అత్తే పెద్దగా కనపడుతుందని మేం ఏడిపిస్తే, "కనవడాలె మరి" అనేది.

తెలంగాణ వచ్చాక మా వైపు భూముల ధరలకు రెక్కలొచ్చాయి. ఏ చాయ్ హోటల్లో చూసినా తెల్లచొక్కాల రియల్ ఎస్టేట్ పిల్లగాళ్ళే. వాళ్ళలో కొందరు పని నేర్చుకుంటామని అత్త దగ్గరికి వచ్చేవారు. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి విసిగిపోయిన నేనూ వాళ్ళతో చేరాను. అత్త పాఠం ఎప్పుడూ ప్రశ్నలతోనే నడిచేది.

"ఈసీ అంటే ఏందే బిడ్డా?"

"ఆ భూమి మీద ఏమేం రిజిస్ట్రేషన్లు అయినయో, ఏం తాకట్టున్నదో చెప్పే కాయితం."

"మంచిది. మరి అది చెప్పనిదేంది?"

నేను టేబుల్ మీదున్న ఈసీ కాయితం మళ్ళీ తిరగేశాను.

"ఇంట్ల లొల్లి చెప్పది" అంది అత్త.

అన్నింటికీ ఇలాంటి అర్థాలే ఉండేవి ఆమె దగ్గర. అసైన్డ్ భూమి అంటే సర్కారు బీదోళ్ళకు బతకమని ఇచ్చిన, అమ్మడానికి వీల్లేని జాగా, సగం ధరకు వస్తుందని ఎవరు నోరూరించినా అటు దిక్కు చూడొద్దు. శిఖం అంటే చెరువు నిండితే నీళ్ళు నిలిచే భూమి, దాన్ని ఎండాకాలంలోనే చూపించి అమ్ముతారు కాబట్టి వానాకాలంలో మళ్ళీ వెళ్ళి చూడాలి. కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకుంటే ఆ సంగతి ఇద్దరికీ తెలియాలి. "నువ్వు ఎవల తరఫున వచ్చినవో ముందుగాల చెప్పు. రేటు తర్వాత చెప్పు" అనేది. ఎవుసం భూముల రిజిస్ట్రేషన్ తహసీల్ ఆఫీసుకు మారి, అంతా కంప్యూటర్లో కనపడుతున్న రోజుల్లో కూడా ఆమె పాఠాలు పాతబడలేదు.

వీటన్నిటికంటే పెద్ద పాఠం చాయ్. పొలం బేరం కుదిరినా, అత్త బయానా ముట్టనిచ్చేది కాదు. స్టీలు ఫ్లాస్కు నిండా చాయ్ పోసుకుని, గ్లాసులు సంచిలో వేసుకుని, కొనేవాళ్ళనీ అమ్మేవాళ్ళనీ వెంటబెట్టుకుని పొలం గెట్టు మీదికి పోయేది. నాలుగు దిక్కులా పొలాలున్న వాళ్ళను పిలిపించి, "గీ భూమి అమ్ముడుపోతాంది, మీకేమన్న అభ్యంతరమున్నదా?" అని అడిగి గ్లాసు చేతిలో పెట్టేది. తాగితే లేనట్టు. తాగకపోతే బేరం అక్కడే ఆగేది. గ్లాసు పట్టుకున్న మనిషిని తొందర పెట్టకూడదు, నోట్లోంచి మాట గుంజకూడదు. ఇదే ఆమె పెట్టుకున్న పద్ధతి. హాలియా చుట్టుపక్కల కాలువ కింది ఊళ్ళన్నిటికీ ఈ పద్ధతి తెలుసు.

నేను చేరిన కొత్తలో ఒక రైతు తన రెండెకరాలు అమ్మిపెట్టమని వచ్చాడు. కొనడానికి రిటైరైన కండక్టరొకాయన సిద్ధమయ్యాడు. ఈసీ శుభ్రంగా ఉంది. తండ్రి పోయాక పాసుబుక్కు ఆ రైతు ఒక్కడి పేరు మీదికే మారింది. నా మొదటి బేరం కుదిరినట్టేనని నేను సంబరపడుతున్నాను. గెట్టు మీద ముగ్గురు తాగారు. నాలుగో ఆయన, అదే ఊళ్ళో ఉండే ఆ రైతు చెల్లెలి మొగుడు. ఆయన గ్లాసు తీసుకుని మెల్లగా గెట్టు మీద పెట్టేశాడు.

"తాగవా?" అంది అత్త.

"నేనెందుకు తాగాలె? గా గ్లాసు మా ఇంటామెకు ఇయ్యాలె. గిది ఆమె తాతల భూమి గూడ."

రైతు గయ్యిమన్నాడు. "పెండ్లి చేసి పంపినం. ఇంకా దానికేం భూమి? పట్టా నా పేరు మీదున్నది!"

మా వైపు చాలామంది చేసే పొరపాటు ఇదే. చెల్లెలి పెళ్ళి ఘనంగా చేశాం కాబట్టి లెక్క చెల్లిపోయిందనుకుంటారు. అత్త వాదించలేదు. ఫ్లాస్కు మూత బిగించి, మా అందరినీ తీసుకుని నేరుగా ఆ చెల్లెలి ఇంటికి నడిచింది. ఆమె వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తూ ఉంది. విషయం చెప్పి గ్లాసు చేతికిస్తే పట్టుకుని అట్లాగే నిలబడింది. నేనేదో సర్దిచెప్పబోతే అత్త నా తొడ గిల్లింది. ఆమె గ్లాసులోకి చూస్తూ అంది.

"అన్న అడిగితె సంతకం పెడుదునేమో అమ్మా. అడగనే లేదు."

అత్త కండక్టరు వైపు తిరిగి, ఈ భూమిలో ఈమెకూ సగం హక్కుందని, ఈమె సంతకం లేకుండా కొంటే కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుందని అప్పటికప్పుడే చెప్పేసింది. రైతు అత్త మీదికి వచ్చాడు. "నా తరఫున వచ్చి నా నోట్లెనే మన్ను కొడతవా?"

"నీ తరఫునే మాట్లాడుతున్న కొడుకా. ఇయ్యాల దాస్తె రేపు జవాబు చెప్పుకునేది నువ్వే" అంది అత్త. ఇంటికొచ్చాక నేను మొహం వేలాడేసుకుంటే, అన్నం పెట్టి, రెండో ముద్ద తినేదాకా ఊరుకుని, "తెలిసింది దాచిపెట్టుడు గూడ అబద్ధమే బిడ్డా" అంది.

ఆ రైతు చాలా రోజులు అత్తను చూసి మొహం తిప్పుకున్నాడు. వరికోతలయ్యాక ఏమనుకున్నాడో, తానే వెళ్ళి చెల్లెల్ని అడిగాడు. భూమి పంచుకున్నారు. చెల్లెలు తన ఎకరం ఉంచుకుంది, అన్న తన ఎకరం కండక్టరుకే అమ్మాడు. ఈసారి గెట్టు మీద చాయ్ పోస్తే, పక్క పొలం యజమానిగా వచ్చి నిలబడ్డది ఆ చెల్లెలే. ఒక గుటక తాగి, "జర చక్కెర తక్కువైందమ్మా" అంది. అంత నవ్వు నవ్విన అత్తను నేను మళ్ళీ చూడలేదు. నా కుటుంబానికి ఇప్పుడు అన్నం పెడుతున్నది ఆమె నేర్పిన ఈ పనే. ఆమె రుణం తీరేది కాదు.

పెద్దకర్మ అయిన మర్నాడు, అత్త కొడుకు, అంటే మా బావ, నన్ను పక్కకు పిలిచాడు. "ఇల్లు, షట్టర్ గది రెండూ అమ్మేద్దామనుకుంటున్న. నువ్వే మంచి పార్టీని చూడు. ఒక్కన్నే కొడుకును, లొల్లేం లేదు."

"వదినకు చెప్పినవా బావా?"

"అక్కకేం చెప్పేదుంది? అమ్మ బంగారం పెట్టింది గద."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇంటింటికీ ఫ్లాస్కు మోసిన మనిషి సొంత ఇంట్లోనే ఇది. తల్లి ఆస్తిలో కొడుకుకీ కూతురికీ సమాన వాటా అని నేను బావకు పాఠం చెప్పలేదు. లోపలికి వెళ్ళి చాయ్ కాచి, అత్త ఫ్లాస్కులో పోసి తెచ్చాను. వదిన వెనక వాకిట్లో గిన్నెలు తోముతోంది. మొదటి గ్లాసు ఆమెకే పట్టుకుపోయాను. బావ నా వెనకే వచ్చాడు.

"వదినా, ఇల్లు, గది అమ్ముదామంటుండు బావ. నీకేమన్న అభ్యంతరమున్నదా?"

వదిన చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని గ్లాసు అందుకుంది. తాగలేదు. తమ్ముడి వైపు చూసింది. బావ ఏదో అనబోయాడు. బావ తొడ గిల్లలేను కదా, కళ్ళతోనే ఆపాను. వదిన చేతిలో చాయ్ మీద మెల్లగా మీగడ కడుతోంది. ఆమె గ్లాసు ఎత్తుతుందో, పక్కనున్న గట్టు మీద పెడుతుందో అని మేమిద్దరం ఎదురుచూస్తూ నిలబడ్డాం.