ఎసట్లో వేసిన సెన్సర్

మా మేనత్త పోయింది. సార్వా దమ్ములు, అంటే వానాకాలం నాట్లకి చేలు బురద చేసి దున్నే పని, జరుగుతుండగా రాజమండ్రి ఆసుపత్రి నుంచి మా బావ ఫోన్ చేసి చెప్పాడు. నిడదవోలు పక్కన మా ఊళ్లో, ఆవిడ ట్రాక్టరు తిరుగుతున్న చేను గట్టు మీదే నిలబడి ఉన్నాను నేను. చెయ్యెత్తి డ్రైవర్ని ఆపమన్నాను. అతను నా మొహం చూసి ఇంజను ఆపేశాడు. కిందికి దిగి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

అత్త మా నాన్నకి చెల్లెలు. నాకు వ్యవసాయం నేర్పిన మనిషి. మామయ్య పోయాక పొలం, ఆ పాత ట్రాక్టరు తనే చూసుకుంది. తోలడం డ్రైవర్ పని, దాని మంచీచెడూ ఆవిడ పని. దేన్నయినా చేత్తో తాకి చూడనిదే నమ్మేది కాదు. కాఫీ గ్లాసు, చంటిపిల్లల నుదురు, బోరు మోటారు, అన్నిటికీ ఆవిడ చెయ్యి తగలాల్సిందే. "ఉండు" అనేది ఊతపదం. మా పెళ్లిలో పందిరి గుంజ కదులుతోందని, మంత్రాలు చదువుతున్న పంతులుగారిని కూడా "కాస్త ఉండండి" అని ఆపేసింది. మా అత్తవారివైపు వాళ్లు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుతారు.

ఆవిడకి ఒకటే షోకు. దసరా ఆయుధపూజకి ట్రాక్టరుకి రంగు వేయించాలి. బానెట్ ఒక్కటే కాదు, ఇంజన్‌కి కూడా. "లోపలెవరు చూస్తారత్తా?" అంటే, "అమ్మవారు చూడదా ఏంటి?" అనేది.

కొన్నేళ్ల కిందట అలా రంగులు పూసుకున్న బండితోనే రెండో పంట దాళ్వా దమ్ముకి దిగాం. నేను కౌలుకి తీసుకున్న చేను అది. నారు తీతకొచ్చింది. కాలువ నీళ్ల వంతు మర్నాటితో ఆఖరు. ఈలోగా దమ్ము కాకపోతే మళ్లీ నీళ్లొచ్చేదాకా ఆగాలి, నారు ముదిరిపోతుంది. నా కంగారు నాది.

డ్రైవర్ మాత్రం హుషారుగా ఉన్నాడు. "ఆయ్, ఈ ఏడు ఇంజను భలే చల్లగా ఉందండి. టెంపరేచర్ ముల్లు కింద నుంచి లేవట్లేదు!" అన్నాడు.

గట్టు మీద కూర్చున్న అత్త లేచింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని బురదలోకి దిగింది. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకుంది.

"ఆపరా. ఇంటికి తోలు, నెమ్మదిగా."

నాకు ఒళ్లు మండిపోయింది. "వేడెక్కలేదని మీటరే చెప్తుంటే ఎందుకాపడం? నా నారు ఏం కావాలి?" అని అరిచాను.

"ముల్లు లేవకపోతే వేడి లేదని కాదే. అది మనకి చెప్పడం మానేసిందని. ఇంజను పట్టేస్తే నీ చేనూ అవదు, నాదీ అవదు. ఉండు."

ఇంటికొచ్చాక మూత తియ్యబోయిన డ్రైవర్ చేతిమీద ఒక్కటేసింది. చల్లారేదాకా అందర్నీ కూర్చోబెట్టింది. నేను కూర్చోలేదు. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ సణుక్కున్నాను.

కొత్త మీటరు తెస్తానన్నాడు డ్రైవర్. "కొత్తది తెచ్చేముందు ఉన్నదాన్ని అడగాలి" అంది అత్త. తాళం తిప్పించి, ఇంజన్‌కి బిగించి ఉన్న వేడి చూసే సెన్సర్ మీది వైరు ఊడదీసింది. ఆ వైరు కొసని ఇంజన్ మీద రంగు లేచిపోయిన చోట ఆనించింది. ముల్లు సర్రున ఎర్రగీత దాకా లేచింది. అంటే మీటరూ బాగానే ఉంది, వైరూ బాగానే ఉంది. మిగిలింది సెన్సర్.

దాన్ని విప్పి చేతిలో పట్టుకుని చుట్టూ చూసింది. పెరటి పొయ్యి మీద కూలివాళ్ల అన్నానికి ఎసరు మరుగుతోంది. పాత మోటారు వైరు ముక్కలతో సెన్సర్ని ఆ ఊడదీసిన వైరుకీ, ఇంజన్ ఇనుముకీ కలిపి, ఎసట్లో వేలాడదీసింది.

"ఈ పూట అన్నం డీజిల్ వాసనొస్తుందాండి?" అన్నాడొక కూలి. "నీకు వేరే వండుతాలే, నోర్మూసుకో" అని, తర్వాత ఆ గిన్నె తోమించి కొత్త ఎసరు పెట్టించింది.

ముల్లు బుద్ధిగా లేచింది. సెన్సరూ బాగానే ఉంది! అన్నీ బాగానే ఉండి పని చెయ్యకపోవడమేంటని నేను తల పట్టుకున్నాను. అత్త మాత్రం ఆ సెన్సర్ బిగించే చోటే చూస్తూ ఉండిపోయింది. అక్కడ మర చుట్ల లోపలిదాకా నిండా నీలం రంగు. రంగు వేసేటప్పుడు సెన్సర్ విప్పి, మళ్లీ పచ్చి రంగు మీదే బిగించేశారు. ఇనుముకి ఇనుము తగలక, కరెంటు సెన్సర్ నుంచి ఇంజన్‌లోకి పోవడానికి ఎర్త్ అందడం లేదు.

"నేనే పూయించాను కదే!" అని పకపకా నవ్వింది. చాకు తెచ్చి, రంగు పొడి లోపల పడకుండా గుడ్డ కుక్కి, ఆ చుట్టూ గీకింది. మళ్లీ బిగించి, నీళ్లు పోసి స్టార్ట్ చేశారు. ముల్లు మధ్యకొచ్చి ఆగలేదు. అలా ఎక్కుతూ ఎర్రగీత అంచుకి పోయింది. ఇంజను నిజంగానే ఉడికిపోతోంది. ముందు వైపు చూస్తే రేడియేటర్ రెక్కల నిండా గడ్డి నలుసులు, ఎండిన బురద. నా మాట విని తోలి ఉంటే ఆ ఏడు రెండిళ్ల సాగూ ఆగిపోయేది.

రేడియేటర్ కడిగించింది, వదులైన బెల్టు బిగించింది. మర్నాడు కాలువ కట్టేసేలోపు నా చేను దమ్మయింది. ఆ పంట బాగా పండింది కూడా. నన్ను ఒక్క మాట దెప్పలేదు. ఆ తర్వాత కూడా దసరాకి రంగు మానలేదు. పెయింటర్ వచ్చే ముందు ఆ సెన్సర్ చుట్టూ గ్రీజు దట్టించి, "ఇక్కడ నీ బ్రష్షు పెట్టావో!" అని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది.

ఈ మధ్య ఏ చేను తడపాలన్నా, ఏ యంత్రం మొరాయించినా ముందు నా చెయ్యే పోతోంది, తాకి చూడడానికి. అది ఆవిడ నాకిచ్చిన చెయ్యి. ఇక ముందు ఒక్కదాన్నే సాగు చెయ్యడానికి నాకు భయం లేదు. ఆవిడ లేదని మాత్రం బెంగగా ఉంది.

కర్మలయ్యాక ఆగిన దమ్ము మళ్లీ మొదలుపెట్టాం. అత్త పోయిన ఏడాది కాబట్టి వచ్చే దసరాకి ఆ ఇంట్లో పూజ లేదు, బండికి రంగూ లేదు. డ్రైవర్ తాళం తిప్పే ముందు నేను బానెట్ ఎత్తి చూశాను. నీలం రంగు మధ్యలో సెన్సర్ చుట్టూ వేలెడు వెడల్పున ఉత్త ఇనుము. దాని మీద అత్త చాకు గీతలు. గ్రీజు తుడిచి వాటి మీద వేలు ఆనించాను. చల్లగా ఉన్నాయి.

"బండి తియ్యమంటారాండి?" అన్నాడు డ్రైవర్.

"ఉండు" అన్నాను. బానెట్ దించి, అప్పుడు తియ్యమన్నాను. ముల్లు లేచి, మధ్యకొచ్చి, ఆగింది.