యాడికని అడగొద్దు

నలభై ఏళ్లుగా నా డైరీలో ప్రయాణం రాసే ప్రతి పేజీ పైన ముందుగా ‘ఎక్కడికి’ అని రాసుకోవడం అలవాటు. ఆ మాట అవుకులో రాకూడని వేళ నా నోట వచ్చింది.

కాకినాడ నుంచి నంద్యాల వచ్చిన మేమిద్దరం ఆ రోజు అవుకు వెళ్లాం. చెరువు అవతలి గట్టు నుంచి పాత కోట బాగా కనబడుతుందని నా భార్య, ఒకసారికి ఒక్కరినే దాటించే గుండ్రటి బుట్టలాంటి పుట్టిలో ముందుగా దాటింది. ఆమెను దింపి పుట్టి నా కోసం తిరిగొచ్చేసరికి ఆకాశం నల్లబడి గాలి లేచింది. అవతల ఆమె ఒక్కతే ఉంది.

“ముందు ఆవిడని తీసుకురా బాబూ” అన్నాను. పుట్టి నడిపే అతను తెడ్డు అందుకుని, పుట్టిని గట్టు వెంట పక్కకు లాక్కుపోసాగాడు. కంగారులో “ఎక్కడికి?” అని అరిచాను.

అతను తెడ్డు కింద పెట్టి రాతి మీద కూర్చున్నాడు.

“ఏందీ పెద్దాయనా, నీళ్ల మీదికి పోయేటోన్ని యాడికని అడుగుతారా? దూరమా అని అడగాల. గాలి ఆడ నుంచి అవతలికి తోస్తాదని పోతాంటి.”

అతని మెడలో సిలువ ఉంది. “మీకూ ఈ పట్టింపు ఉందా?” అన్నాను.

“చర్చికి పోయేటోన్ని చూసి గాలి తగ్గుతాదా?”

నీళ్లు తాగి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. తర్వాత లేచి, “ఇప్పుడడుగు” అన్నాడు.

“దూరమా?” అన్నాను.

“దగ్గిరే. బేగా వస్తా.”

పుట్టి తిరుగుతూ తిరుగుతూ చిన్నదైపోయింది. చాలాసేపటికి అందులో రెండు తలలు కనబడ్డాయి.

తిరుగు బస్సులో డైరీ తెరిచి, ‘ఎక్కడికి’ కొట్టేసి ‘దూరమా’ అని రాశాను.