కొత్తపేట కాలవగట్టున నూనెగిన్నె తనిఖీ

కోనసీమకి చాలామంది కొబ్బరితోటలు చూడటానికి వెళ్తారు. నేను వెళ్ళింది ఆ చెట్ల మీంచి పడ్డవాళ్ళ కోసం. కొబ్బరికాయల దింపు తీస్తూ జారిపడి వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టి, కుదిరితే నడిపించే పునరావాస కేంద్రం ఒకటి కొత్తపేట దాటాక కాలవగట్టున ఉంది. ఇలాంటి చోట్ల ఒకరి పుండు ఇంకొకరికి అంటుకోకుండా ఏ జాగ్రత్తలు తీసుకుంటున్నారో తనిఖీ చెయ్యడం నా ఉద్యోగం. వేసవికి ముందు మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడ పడకపుండ్లకి పట్టిన క్రిములు ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పాకుతున్నాయి. కారణం పట్టుకుని, అది సరయ్యేదాకా కొత్తవాళ్ళని చేర్చుకోవద్దని రాసి వచ్చాను. సరయిందో లేదో తేల్చడానికి ఈ రెండో ప్రయాణం. ఈసారీ తప్పితే కేంద్రం మూతపడుతుంది.

రాజమండ్రిలో తెల్లవారగానే బయల్దేరే అమలాపురం బస్సెక్కితే ఎండ ముదరకముందే పనిలో పడొచ్చు. ఎడమవైపు కిటికీ పట్టుకోండి, జొన్నాడ దగ్గర వంతెన మీద గోదావరి బాగా కనిపిస్తుంది. రావులపాలెంలో అరటిగెలల లారీలు అడ్డం తిరిగి మా బస్సు అరగంట కదల్లేదు. నాకసలే ముక్కు మీద కోపం. డ్రైవరు మీద అరిచే బదులు దిగిపోయి, యాభై రూపాయలు పెట్టి ఉప్మా పెసరట్టు తిన్నాను. కోపం పోయింది. వెనక వచ్చిన బస్సులో కొత్తపేట చేరి ఆటో మాట్లాడుకున్నాను.

ఆటో నడిపే అతని పేరు వీర్రాజు. కేంద్రం పేరు చెప్పగానే వెనక్కి తిరిగాడు.

"అక్కడికాండీ? మా బావగారు మొన్న దింపు తీస్తా పడిపోయేరండి. నడుం కిందకి స్పర్శ లేదు. చేర్పిద్దామని తీసుకెళ్తే కొత్తవాళ్ళని తీసుకోమన్నారండి. ఎవరో మేడమ్ గారొచ్చి వద్దని రాసేసి ఎళ్ళిపోయేరంట. ఆవిడకేం తెలుస్తాదండీ మా బాధ?"

ఆ మేడమ్‌ని నేనేనని చెప్పలేకపోయాను. మాట గుచ్చుకుంది, నిజమే. కానీ రాసింది తప్పనిపించలేదు. అప్పుడు చేర్చుకుని ఉంటే వాళ్ళ బావకి దెబ్బతోపాటు పుండు కూడా అంటుకునేది. "సాయంత్రం మళ్ళీ మీరే రండి" అని మాత్రం అన్నాను.

ఇంతకీ మొదటిసారి నాకు దొరికిన కారణం ఒక ఇత్తడి గిన్నె. రోగులని చూడటానికి వచ్చే ప్రతి కుటుంబమూ ఇంట్లో ఎండబెట్టిన కొబ్బరితో ఆడించిన నూనె తెస్తుంది. తమవాళ్ళకి మాత్రమే వాడుకోవడం ఇక్కడ మర్యాద కాదు. అందరి నూనె ఆ గిన్నెలోనే పోసేవారు. మర్దనా చేసేవాళ్ళు అందులో వేళ్ళు ముంచి ఒకరి కాళ్ళకి రాసి, మళ్ళీ ముంచి పక్కవారికి రాసేవారు. అంత మంచి మనసుతో పుండ్లు పంచుకోవడం నేనెక్కడా చూడలేదు.

ఇన్‌చార్జి సిస్టర్ రత్నకుమారి గారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. లోపల ప్రతి రెండు మంచాలకీ ఒక కుళాయి, పక్కన సబ్బు. కట్లు కట్టే సామాను ఎవరిది వాళ్ళకే విడిగా ఉంది. ఇత్తడి గిన్నె మాత్రం అక్కడే కనిపించేసరికి నా మొహం మారిపోయింది. ఆవిడ గబగబా మూత తీసి, లోపలున్న గరిటె చూపించారు.

"కోప్పడకండి మేడమ్ గారూ. మీరు చెప్పినట్టే క్రిములు, క్రిములు అని చెప్పేనండి. ఆయ్ అన్నారు, మళ్ళీ ముంచేరు. ఎవరి నూనె వాళ్ళకే అంటే, మా ఇంటి నూనె పనికిరాదా అని మొహం మాడ్చుకున్నారు. ఓరోజు భోజనాల దగ్గర తట్టిందండి. తింటున్న చెయ్యి ఎవరైనా కూరగిన్నెలో పెడతారాండీ? ఒంటికి రాసిన చెయ్యీ ఎంగిలి చెయ్యేనని చెప్పేను. అంతేనండి."

ఇప్పుడు గరిటెతో పైనుంచి ఎవరి చిన్నగిన్నెలో వాళ్ళకి వడ్డిస్తున్నారు. వినడానికి బాగుంది. కానీ తనిఖీకి వచ్చేవాళ్ళ ముందు ఎవరైనా బుద్ధిగానే ఉంటారు. మర్యాదకి పెట్టింది పేరైన ఈ సీమలో, తప్పు చేసేది ఆఫీసరైతే ఆపేవాళ్ళుంటారా? అది చూడాలనిపించింది. మధ్యాహ్నం మర్దనా వేళ ఒక రోగి పాదం నొక్కి చూశాను. చెయ్యి కడుక్కోకుండా, ఏమీ ఎరగనట్టు ఇత్తడి గిన్నె మూత తీసి వేళ్ళు ముంచబోయాను. రత్నకుమారి గారికి చెమటలు పట్టాయి.

కొడుకు మంచం పక్కన కూర్చున్న మాణిక్యమ్మ గారనే పెద్దావిడ ఒక్క ఉదుటున లేచి నా మణికట్టు పట్టుకుంది.

"ఆగండాగండి! ఎంగిలి చెయ్యండీ అది! సబ్బు అక్కడుందమ్మా, కడుక్కుని రండి."

నాకు నవ్వాగలేదు. ఆవిడని అక్కడే కావలించుకుందామనుకుని, ముందు వెళ్ళి చెయ్యి కడుక్కున్నాను. తర్వాత ప్రతి మంచం దగ్గరా కట్లు విప్పించి చూశాను. పాత పుండ్లు మానుతున్నాయి, కొత్తది ఒక్కటీ లేదు. "రేపటి నుంచి కొత్తవాళ్ళని చేర్చుకోవచ్చు" అని సంతకం పెడుతుంటే గదిలో చప్పట్లు మోగాయి. చేతులు ఎత్తలేనివాళ్ళు కేకలేశారు.

సాయంత్రం వీర్రాజు వచ్చాడు. ఆటో గట్టెక్కాక చెప్పాను.

"రేపు మీ బావగారిని తీసుకురండి. చేర్చుకుంటారు."

ఆటో ఆగిపోయింది. "మీకెలా తెలుసండీ?" అని, కాసేపు నా మొహం చూసి, "ఆ మేడమ్ గారు... మీరేనాండీ?" అన్నాడు.

"ఆయ్, నేనేనండి" అన్నాను.

కళ్ళు తుడుచుకుని, ఆటో వెనక్కి తిప్పేశాడు. "బస్సు తరవాతెళ్దురుగానండి. ముందు ఈ మాట మా బావకి మీరే చెప్పాలి."

ఎన్నో ఊళ్ళలో చేతులు కడుక్కోమని గోడలకి కాగితాలు అంటించి వచ్చాను. వాటిని చదివినవాళ్ళు తక్కువ. ఇక్కడివాళ్ళు పంచుకోవడం మానలేదు, వడ్డించడం నేర్చుకున్నారు. ఉద్యోగంలో నాకింత సంతోషం ఇచ్చిన ప్రయాణం ఇంకొకటి లేదు. మీరు అటు వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: నూనె తీసుకెళ్ళండి, కాదనరు. కానీ గిన్నె దగ్గరికి వెళ్ళేముందు చేతులు కడుక్కోండి. ఇప్పుడు ఆ గిన్నె పక్క మంచం వీర్రాజు బావగారిది, కాపలా ఆయనదే.