కార్పెట్‌కు పౌడర్ రాసిన ఆదివారం

ఆ రోజుల్లో కొండాపూర్‌లో ముగ్గురు ఆడపిల్లలకు కలిపి ఇల్లు దొరకడమే కష్టం. దొరికిన ఇంట్లో మంచిపేరుతో ఉండడం ఇంకా కష్టం. (ఊరికే అనడం లేదు. నా పేరు ఆ ఇంట్లో ఎలా పోయిందో, ఎవరి నోటి నుంచి మొదలై ఎవరి నోటి దాకా వెళ్లిందో ఇప్పటికీ వరసగా చెప్పగలను.) కాలం గడిస్తే అన్నీ మరిచిపోతామని మావాళ్లంటారు. నాకు కాలం ఆ సాయం ఎప్పుడూ చేయలేదు, నేనూ అడగలేదు. దానికి తగ్గట్టే హైటెక్ సిటీలో ఒక కంపెనీ నన్ను టెస్టింగ్ విభాగంలోకి తీసుకుంది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి, ఫలానా చోట తప్పుంది అని రాసి పంపడం పని. వాళ్లు "మా దగ్గర బాగానే ఉంది" అని తిప్పి పంపితే, అదే మళ్లీ ఇంకాస్త పెద్ద అక్షరాల్లో రాసి పంపడం. తప్పు ఒప్పుకుని సరిచేసే దాకా ఆ ఫిర్యాదు తెరిచే ఉంటుంది, సరిచేశాకే మూసేస్తాం. జీతమిచ్చి మరీ ఫిర్యాదులు చేయించుకునే చోటు దొరికినందుకు నేను చాలా సంతోషంగా ఉండేదాన్ని.

ఇంట్లో నాతో పాటు ఇద్దరు. ఒకరు కరీంనగర్ అమ్మాయి, మా ఆఫీసులో నాకంటే ముందు చేరింది కాబట్టి సీనియర్ అనేవాళ్లం. ఇంటి అగ్రిమెంటు కూడా ఆమె పేరు మీదే ఉండడంతో ఇంట్లోనూ సీనియరే అయిపోయింది. రెండో అమ్మాయి ఒంగోలు వైపు నుంచి వచ్చి దగ్గర్లోని ఆస్పత్రిలో పనిచేసేది. ఆమె మాకు నర్సమ్మ. మెత్తటి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు. కాకపోతే ఎవరైనా నన్ను అంటుంటే ఆపేదీ కాదు (ఇదీ గుర్తుంది). హాల్లో సీనియర్ నాంపల్లి ఎగ్జిబిషన్‌లో బేరమాడి తెచ్చిన మెరూన్ రంగు కార్పెట్ ఒకటి గోడ నుంచి గోడ దాకా పరిచి ఉండేది. కూర్చున్నా, తిన్నా, పడుకున్నా దాని మీదే.

ఆ ఎండాకాలంలో ఒకే వారంలో రెండు సంగతులు జరిగాయి. సీనియర్ ఎవరి దగ్గరో పాత ఏసీ కొని హాల్లో దివాన్ పైన గోడకు బిగించింది. నేను కాకినాడ వెళ్లి అమ్మ కట్టిచ్చిన ఎండు రొయ్యలు తెచ్చుకున్నాను. కొద్దిరోజులకు హాల్లో వాసన మొదలైంది. ఈ రెండు సంగతుల్లో దేన్ని అనుమానించారో వేరే చెప్పాలా?

"ఏందే గీ వాసన? నీ డబ్బాలకెల్లే," అంది సీనియర్ ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని.

"నా డబ్బా వంటింట్లో ఉందక్కా. మూత బిగించి, కవరు మీద కవరు చుట్టి పెట్టాను."

"గందుకే. ఊపిరాడక ఇవతలికొచ్చి కార్పెట్‌ల సొచ్చినయ్."

నర్సమ్మ నవ్వింది. గట్టిగా కాదు, తల పక్కకు తిప్పుకుని నవ్వింది. ఆ మర్నాటి నుంచి నా పేరు ఎండ్రొయ్య. "ఎండ్రొయ్యా, గ్యాస్ బంద్ చేసినవా?" "ఎండ్రొయ్యా, తాళం నీతాన్నే ఉందా?" ఆఫీసులో కూడా ఒకసారి లిఫ్టులో అందరి ముందూ అలాగే పిలిచింది. డబ్బా మూత తీసి వాళ్ల ముక్కుల దగ్గర పెట్టి, ఈ వాసన వేరు, ఆ వాసన వేరు అని నిరూపించబోయాను. "వద్దు తల్లీ, నమ్మినం, మూత పెట్టెయ్," అన్నారు. నమ్మితే పేరు మార్చాలి కదా, మార్చలేదు.

ఇంతలో నర్సమ్మకు ప్రమోషన్ వచ్చింది. కృతజ్ఞతగా ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన పెట్టించుకుంటానంది. వాళ్ల సంఘం నుంచి పాస్టరయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, ఇంకో పదిహేను మంది దాకా వస్తారు, అందరూ కార్పెట్ మీదే కూర్చుంటారు. అద్దెకు వచ్చాక ఆమె ఇంటికి పిలిచే మొదటి బంధుబలగం అదే. ఇలా కూర్చుంటారు, ఇలా పాడతారు అని రెండు రోజులు చెప్పి, చివరికి నన్ను చూసి ఆగిపోయింది. సీనియర్ ఆగలేదు. "ఆదివారం లోపట వాసన పోవాలె. పోలేదనుకో, నీ డబ్బా, నువ్వు కల్సి హాస్టల్ చూస్కోండ్రి," అంది. అంటే ఆదివారం నా పేరే కాదు, ఆ ఇంట్లో నా చోటు కూడా తేలిపోతుందన్నమాట.

నేను చేయని తప్పుకు నేను ఎందుకు కడగాలి అనే ప్రశ్న ఉంది. దాని మీద ఒక పూట ఆలోచించాను. కానీ వాసన పోగొట్టి, ఆ తర్వాత కూడా నా డబ్బా వంటింట్లోనే ఉంచి, వాసన మళ్లీ రాకపోతే, నేను నిర్దోషినని అదే తేలుతుంది. ఆఫీసులో మేం చేసేదీ ఇదే. మాదాపూర్‌లో ఒక పెద్ద సూపర్ మార్కెట్‌లో వెతికితే కార్పెట్లకు చల్లే పౌడర్ దొరికింది. పొడుగాటి డబ్బా, దాని మీద ఊదారంగు పూలు, కార్పెట్ మీద పడుకుని నవ్వుతున్న ఒక తెల్ల కుక్క. పల్చగా చల్లి, కాసేపు ఆగి, వాక్యూమ్ క్లీనర్‌తో తీసేయమని వెనక రాసి ఉంది.

వాక్యూమ్ క్లీనర్ పై అంతస్తులో ఓనరాంటీ దగ్గర ఉండేది. ఎక్కి వెళ్లి మర్యాదగా అడిగాను.

"మిషనా? అది దీపావళికే తీస్తం బిడ్డా," అంది ఆమె గుమ్మంలోనే నిలబడి. "అయినా నీ రొయ్యల వాసనకు నా మిషన్ ఖరాబు జేసుకోనా? ఇగ పో, చీపురుతో ఊడ్చుకో."

నా పేరు పై అంతస్తు దాకా ఎక్కిందని అప్పుడే తెలిసింది. (కూర్చోమని కూడా అనలేదు.)

దిగి వచ్చి డబ్బా మూత తీశాను. పల్చగా చల్లమన్న మాట నాకు నచ్చలేదు. మా ఇంట్లో చిన్నప్పుడు స్నానం చేయించి పౌడర్ రాస్తే మెడ మీద తెల్లగా కనపడాలి. కనపడకపోతే మా అమ్మ దృష్టిలో ఆ పిల్ల స్నానమే చేయలేదు. కార్పెట్‌కూ ఆ మర్యాదే చేశాను. డబ్బా మొత్తం బోర్లించి, దివాన్ కింద కూడా చెయ్యి పోనిచ్చి, మెరూన్ రంగు ఎక్కడా కనపడకుండా చల్లాను. కాసేపు ఆగి మెత్తటి చీపురుతో ఊడ్చాను. ఊడ్చే కొద్దీ పౌడర్ మాయమైపోయింది. చేటలోకి వచ్చింది పిడికెడే అయినా, మిగతాది ఎటు పోయిందని నేను అడగలేదు. హాలంతా పూలతోటలా ఉంది. నర్సమ్మ లోపలికి వచ్చి గట్టిగా గాలి పీల్చి, నా చెయ్యి పట్టుకుని "ఎంత బాగుందే," అంది. సీనియర్ మాత్రం "జర ఆగు, సూద్దాం," అంది.

ఆదివారం అందరూ వచ్చారు. ఉక్కగా ఉందని సీనియర్ ఏసీ వేసింది. పాటలయ్యాయి. పాస్టరయ్యగారు చుట్టూ చూసి, "ఇల్లు ఎంత సువాసనగా పెట్టుకున్నారమ్మా," అన్నారు. నేను సీనియర్ వైపు చూశాను. సీనియర్ ఫ్యాన్ వైపు చూసింది. నా జీవితంలో అంత తృప్తిగా గడిచిన నిమిషాలు తక్కువ, ఆ తృప్తి కూడా ఆయన "మోకరించి ప్రార్థన చేసుకుందాం" అనే దాకానే. అంతమంది ఒక్కసారిగా మోకాళ్ల మీద కూర్చుని, నుదుళ్లు నేలకు ఆనించారు. కార్పెట్ పోగుల్లోకి నేను ఊడ్చి దిగ్గొట్టిన పౌడరంతా ఆ మోకాళ్ల బరువుకు పైకి లేచింది.

మొదట ఒక ముసలమ్మ తుమ్మింది. ఆమెను చూసి కాదుగానీ పక్కావిడ తుమ్మింది. ఆ తర్వాత వరసలు వరసలుగా అందుకున్నారు. పాస్టరయ్యగారు "ఈ బిడ్డను ఆశీర్వదించు తండ్రీ, ఈ ఇంటిని..." అని ఆగి, తుమ్మి, "ఈ ఇంటిని" అని మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ తుమ్మారు. ఆమెన్ అన్న వాళ్ల కంటే తుమ్మిన వాళ్లే ఎక్కువ. మా ఇళ్లల్లో బయల్దేరేటప్పుడు ఒక్క తుమ్ము వినపడితే కూర్చోబెట్టి మంచినీళ్లిస్తారు. ఆ లెక్కన ఆ సాయంత్రం మా హాల్లోంచి ఎవరూ కదలకూడదు. నర్సమ్మ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అవి తుమ్ములవో కావో తెలియడం లేదు. సీనియర్ నా వైపు వంగి, "హాస్టల్," అని ఒక్క మాట అని, తుమ్మింది.

అప్పుడు దివాన్ పక్కన మోకరించిన అమ్మగారు లేచి నిలబడి చీర చూసుకున్నారు. అందరి చీరల మీదా పొడి ఉంటే, ఆమె మోకాళ్ల దగ్గర మాత్రం కలిపిన పిండిలా అంటుకుని ఉంది.

"ఇక్కడ తడిగా ఉందేంటమ్మా?" అన్నారు.

తడి ఎందుకుంటుంది? అందరి కంటే ముందు ఆ మాట పట్టుకున్నది నేనే. దివాన్ జరిపి కార్పెట్ అంచు ఎత్తాను. కింద అంతా నల్లగా బూజు. ఇన్నాళ్లూ నా రొయ్యలకు అంటగట్టిన వాసన పూలవాసనను తోసుకుని గుప్పున లేచింది. పైన ఏసీ నీళ్ల గొట్టం ఊడి, గోడ వెంబడి సన్నగా కారుతోంది, ఏసీ బిగించిన రోజు నుంచీ కారుతూనే ఉంది.

"అయ్యగారూ, మీరే చెప్పండి," అన్నాను నేను. "ఇది ఎండు రొయ్యల వాసనా?"

ఆయన పాపం నిజంగానే వంగి, వాసన చూసి, తల అడ్డంగా తిప్పారు. "కాదమ్మా. మాది చీరాల. ఆ వాసన నాకు తెలియకపోవడం ఏంటి?"

అందరి ముందూ, ఆ మాట. నేను సీనియర్ వైపు తిరిగి నిలబడ్డాను, తప్పయింది అనే మాట వినడానికి సిద్ధంగా.

"పైపు ఊడితే నేనేం జెయ్యాలె? నేను ఊడగొట్టిన్నా ఏంది?" అంది సీనియర్.

అంతే. ఇంకేమీ లేదు. తుమ్ముల మోతకు ఓనరాంటీ దిగి వచ్చి, గుమ్మంలో అయ్యగారిని చూసి, వెనక్కి వెళ్లి, దీపావళికి తప్ప బయటికి రాని మిషన్‌ను తానే మోసుకుని వచ్చింది. (నాకోసం కాదు, ఆయన కోసం.) ప్రార్థన మేడ మీద మళ్లీ మొదటి నుంచి జరిగింది. నర్సమ్మ నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది. రాత్రి భోజనాల దగ్గర సీనియర్ నాకు పప్పు వడ్డిస్తూ, "ఇంకొంచెం ఏస్కో, పౌడర్," అంది. అలా ఎండ్రొయ్య పోయింది. హాస్టల్ మాట మళ్లీ రాలేదు. కొత్త పేరు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఎవరూ వివరణ ఇవ్వలేదు.

ఇప్పుడు మియాపూర్‌లో మాకు సొంత ఫ్లాటు ఉంది, అంతా టైల్స్, చల్లడానికి ఏమీ లేదు. మొన్న సీనియర్ కుటుంబంతో భోజనానికి వచ్చింది. వంకాయలో ఎండు రొయ్యలు వేసి వండాను, కావాలనే వండాను. రెండుసార్లు వేసుకుని తింది.

"అక్కా, ఆ రోజు నువ్వు అనాల్సిన మాట ఒకటి ఇంకా అనలేదు," అన్నాను.

"గింకా యాదికున్నదా?"

"ఉంది."

"ఉండాలె. లేకుంటే నువ్వెట్లయితవ్?" అని నవ్వి, చెయ్యి కడుక్కుంటూ, "పౌడర్, ఒక డబ్బాల గిన్ని రొయ్యలు పెట్టియ్యవే, పిల్లలు తింటరు," అంది.

మూత బిగించి, కవరు మీద కవరు చుట్టి ఇచ్చాను. కారులో వాసన వస్తే మళ్లీ నన్నే అంటుంది. లిఫ్టు తలుపు మూసుకున్నాక, చీపురు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్న అప్పటి నేను, ఆ కొండాపూర్ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆమె తరఫున పెట్టిన ఫిర్యాదు నా దగ్గర ఇంకా తెరిచే ఉంది. సీనియర్ ఆ మాట అనేస్తే దాన్ని మూసేయాలి. మూసేశాక, వచ్చినప్పుడల్లా ఆమెను ఏమని పలకరించాలో నాకు తెలియదు. అందుకే మరీ గట్టిగా అడగలేదు.