చావింట్లో చుక్కల మందు

నా కళ్లలో నీళ్లు ఊరవు. మాటవరసకు అంటున్నది కాదు, అదొక జబ్బు. కళ్లు ఎండిపోవడం బాగా ముదిరిందన్నారు డాక్టర్లు. మదనపల్లెలో పొద్దున్నే బండి మీద బడికి పోతుంటే, టమాటా లారీలు లేపే దుమ్ముకు రెప్పల కింద ఇసుక పోసి రుద్దినట్టుంటుంది. గంట గంటకూ చుక్కల మందు వేసుకోకపోతే నేను బోర్డు మీద రాసింది నాకే కనబడదు. "ఎర్రగడ్డలు తరుగు మేడమ్, నీళ్లు అవే కారతాయి" అని స్టాఫ్ రూములో ఒకామె సలహా ఇచ్చింది. సిగ్గు లేకుండా తరిగాను కూడా. మంట వచ్చింది గానీ నీళ్లు రాలేదు.

స్క్లీరల్ లెన్సులు పెట్టుకోమని డాక్టరమ్మ చాలా రోజులుగా చెబుతూనే ఉంది. మామూలు లెన్సుల్లా నల్లగుడ్డుకు అంటుకునేవి కావవి. చిన్న గిన్నెల్లా ఉండి తెల్లగుడ్డు మీద కూర్చుంటాయి. ఆ గిన్నెలో సెలైన్ నింపి పెట్టుకుంటే పొద్దంతా కంటికి తడి తగులుతూ ఉంటుందట. కంట్లో గిన్నె బోర్లించుకునే రాత నాకేమిటని నవ్వేసి తప్పించుకునేదాన్ని.

మొన్న ఎండాకాలం పుంగనూరులో చిన్నమ్మ చనిపోయాక ఆ నవ్వు పోయింది. తల్లి లేని నన్ను పెంచింది ఆమే. మా వైపు చావింటికి పోయే ఆడవాళ్లు వీధి మొదట్లోనే గొంతెత్తుతారు. గడప దాటగానే ఆ ఇంటి ఆడబిడ్డ మెడ పట్టుకుని ఏడుస్తారు. నేనూ చిన్నమ్మ కూతురి మెడ పట్టుకున్నాను. చిన్నమ్మను పిలుచుకుంటూ ఏడ్చాను. ఆమె కన్నీళ్లకు నా భుజం తడిసింది. నా కళ్లు మాత్రం నల్లద్దాల వెనక పొడిగా మండుతున్నాయి. ఊదువత్తుల పొగకు ఇక ఓర్చుకోలేక, ఆమెను వదిలి పెరట్లోకి పోయాను. అద్దాలు తీసి చుక్కలు వేసుకుంటే చెంపల మీదికి కారాయి.

నీళ్ల తొట్టి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. నన్ను చూశారు.

"సూడమ్మా, సినిమావోళ్లు ఏడ్సేదానికి ఏసుకుంటారే, అది ఏసుకుంటాండాది."

"పెంచినామె కోసరం ఏడ్సేదానికి కూడా సీసా కావల్సొచ్చెనా!"

జబ్బుకు మందు అని ఒక్క మాట అనాల్సింది. చెంపల మీద కారేది మందే కదా, నిజంగా నా కన్నీళ్లు కావు కదా అని అనిపించి, దొంగతనం చేసి దొరికిపోయినదానిలా తల వాల్చేశాను. మళ్లీ లోపలికి పోయి అంతమంది ముందు నిలబడే ధైర్యం లేకపోయింది. శవాన్ని ఎత్తకముందే, ఎవరితోనూ చెప్పకుండా పక్కసందులోంచి పోయి మదనపల్లె బస్సెక్కాను.

ఆ తర్వాతే లెన్సులకు ఒప్పుకున్నాను. చూపు కోసమని అందరికీ చెప్పాను గానీ, జనం ముందు ఆ సీసా మళ్లీ తీయకూడదన్నదే నా బాధ. వాటిని పెట్టి చూసేది కుప్పంలోని ఒక ఆసుపత్రిలో. చిన్నమ్మ కూతురిని ఇచ్చింది కుప్పానికే. చావింటి నుంచి వచ్చేశాక ఆమె ఒక్కసారీ ఫోన్ చేసి పలకరించలేదు. ఆమె కంట పడకుండా పోయి రావాలనుకున్నాను. కానీ కొత్తలో రెప్పలు పట్టుకోవడానికి ఇంటి మనిషి ఒకరు నేర్చుకోవాలన్నారు. మా ఆయన సూదిని చూస్తేనే కళ్లు తిరిగే మనిషి. గత్యంతరం లేక ఆమెకే ఫోన్ చేశాను. "వస్తాన్లే అక్కా" అని పెట్టేసింది.

బల్ల మీద అద్దం పడుకోబెట్టి, దాని మీదికి ముఖం వంచమన్నారు. తల కాస్త లేచినా సెలైన్ ఒలికి, లెన్సు కింద గాలిబుడగ చిక్కుకుంటుందట. చెల్లెలు నా రెప్పలు విడదీసి పట్టుకుంది. మొదటిసారి ఒలికింది. మళ్లీ ఒలికింది. గడ్డం దాకా నీళ్లు కారాయి. ఆమె చున్నీతో మెల్లగా తుడిచింది. అలా తుడుస్తుంటే ఇక ఉండబట్టలేకపోయాను.

"ఆ పొద్దు నేను నాటకం ఆడలేదు. అది మందు" అన్నాను, వంచిన తల ఎత్తకుండానే.

"మందని నాకు తెలీదా? ఆ మాటలు నా చెవిన పడితే నేనే తిట్టినాను వాళ్లను."

"మరి ఇన్ని దినాలు యాల పలకరించలేదు?"

ఆమె వేళ్లు నా రెప్పల మీద ఆగాయి.

"అమ్మను ఎత్తేటప్పుడు నీ కోసరం ఇల్లంతా ఎతికినానక్కా. కండ్లనీళ్లు ఎవరడిగినారు నిన్ను? పట్టుకునేదానికి మనిషి లేకపాయె నాకు."

ఆమె మళ్లీ నా రెప్పలు విడదీసింది. ఈసారి లెన్సు కూర్చుంది. తలెత్తి కళ్లు తెరవమన్నారు. ఏళ్ల తరబడి ఉన్న మంట చల్లారిపోయింది. ఎదురుగా చెల్లెలి ముఖం, కళ్ల కింద నలుపు, చెవి పక్కన కొత్తగా నెరిసిన వెంట్రుకలు, అన్నీ తేటగా కనిపించాయి.

"బాగా కనబడతాండానా అక్కా?"

"కనబడతాండావు" అన్నాను. కళ్లు మండడం లేదు. అయినా ఆమె వైపు చూడలేక, మళ్లీ ఆ బల్ల మీదికే తల వంచుకున్నాను.