మధ్యాహ్నం మాత్రమే ఆగిపోయే బండి

2023 జూన్. దోహాలో అందరూ సనాయా అని పిలిచే ఇండస్ట్రియల్ ఏరియాలో, ఒక మోస్తరు గ్యారేజీలో నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని. అప్పుడూ అదే పని, ఇప్పుడూ అదే. ఆటో ఎలక్ట్రీషియన్ ఇంజను విప్పడు. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు ఎక్కడెక్కడికి పోతోంది, దారిలో ఎక్కడ తెగింది అని వెతుకుతాడు. విరిగిన సామాను కంటికి కనిపిస్తుంది. తెగిన కరెంటు కనిపించదు. అందుకే మా పనిలో సగం ఊహ, సగం ఓపిక.

ఆ రోజు పొద్దున్న, ఆగిపోయిన బండ్లను మోసుకొచ్చే రికవరీ వ్యాను మీద తెల్లటి పెద్ద బండి ఒకటి వచ్చింది. వెనకే టాక్సీలోంచి ఒకావిడ దిగింది. పేరు సునీత. అమలాపురం దగ్గరి మనిషి. ఒక ప్రైవేటు క్లినిక్‌లో నర్సు. భర్తతో, కూతురితో ఐన్ ఖాలిద్‌లో ఉంటోంది. ఆ బండిని ఒక పాత కార్ల షోరూంలో కొని నెల కూడా కాలేదట.

“ఏమైతుంది మేడం?” అని అడిగాను.

“నడుస్తూ నడుస్తూ ఒక్కసారే అన్నీ ఆరిపోతున్నాయండీ. స్టీరింగు బండరాయిలా బిగిసిపోద్ది. నిన్న సల్వా రోడ్డు మీద ఆగిపోయింది. వెనకాల ట్రక్కు వస్తోంది. వాడు హారన్ కొట్టుకుంటా పక్కనుంచి రాసుకుంటా పోయాడు. పాప వెనక సీట్లో ఉంది.”

ఆమె తాళం నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది.

బండికి స్కానర్ తగిలించాను. స్కానర్ అంటే బండిలోని కంప్యూటర్‌తో మాట్లాడే యంత్రం. ఎక్కడ తేడా వచ్చినా ఆ కంప్యూటర్ ఒక కోడ్ రాసి దాచుకుంటుంది, మేము దాన్ని చదువుతాం. ఈ బండిలో ఒక్క కోడూ లేదు. బ్యాటరీ బాగుంది. సనాయా వీధుల్లో చాలాసేపు తిప్పాను. మెత్తగా నడిచింది.

“నాకైతే ఏం దొరుకుతలేదు మేడం.”

“అంటే నేను అబద్ధం చెబుతున్నాననా?”

“అట్ల గాదు. మీరు చెప్పింది నిజమే ఉంటది. నాకు చిక్కుతలేదు, గంతే.”

ఆమె తాళం తీసుకుంది. బండి ఎక్కేముందు కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. ఏదో ఉంది, దొరకలేదు, అలాగే పంపించాను అన్న బెంగ పట్టుకుంది.

వారం తిరక్కుండా ఫోన్ చేసింది. ఈసారి రౌండెబౌట్ మధ్యలో ఆగిందట.

“అన్నయ్యా, ఇప్పుడు తాళం ముట్టుకోబుద్ధి కావట్లేదు. ఒకటి గమనించాను. పొద్దున డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఎప్పుడూ ఆగలేదు. ఆగినప్పుడల్లా మధ్యాహ్నమే. క్లినిక్ బయట బండి ఎండలోనే ఉంటది కదా. అక్కడి నుంచి తీసి, పాపని స్కూల్లో ఎక్కించుకుని వచ్చేటప్పుడే ఆగుతోంది.”

నేను పట్టుకోలేనిదాన్ని ఆమె పట్టుకుంది. జూన్ మధ్యాహ్నం బానెట్ కింద వేడి ఎంతుంటుందో మాకు తెలుసు. ఎక్కడో ఒక కనెక్షన్‌ని తుప్పు సగం తినేసి ఉంటుంది. వేడెక్కితే విడిపోతుంది, చల్లారితే కలుస్తుంది. నేను దాన్ని తిప్పి చూసింది పొద్దున్నే.

“షోరూంల చెప్పినవా?”

“చెప్పాను. రమణయ్య గారని సేల్స్‌లో ఉంటారు, మనవాళ్ళే. ‘మీరు తీసుకెళ్ళిన గ్యారేజీవాళ్ళే బండిలో ఏం లేదన్నారంట గదా’ అంటున్నారు.”

 ఏమీ దొరకలేదు అన్న నా మాట, చేతులు మారి ఏమీ లేదు అయిపోయింది. ఆమె నోరు మూయించడానికి ఇప్పుడు నా మాటే వాడుతున్నారు.

ఆమె మరో సంగతి కూడా చెప్పింది. ఆ షోరూం అర్బాబు, అంటే యజమాని, ఆమె భర్త పనిచేసే కంపెనీ అర్బాబుకి తమ్ముడు. “ఈయన గొడవొద్దంటున్నారు అన్నయ్యా. వీసా వాళ్ళ చేతిలో ఉంది. అటు నోరెత్తితే ఆయన ఉద్యోగం. ఎత్తకపోతే పాప ప్రాణం. ఎటు చూసినా భయమే.”

మా ఫోర్‌మన్ హంజా మలయాళీ. మంచివాడే. సంగతి చెప్పగానే చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “శంకర్, ఆ షోరూం బండ్లన్నీ మన దగ్గరికే వస్తాయి. అందులో వేలు పెట్టకు. రేపు వాళ్ళు రావడం మానేస్తే, పనిలోంచి తీసేసేవాళ్ళలో మనిద్దరి పేర్లే ముందొస్తాయి.” అతని ముఖంలో కోపం లేదు. భయమే ఉంది. సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే నా భార్య కూడా అదే మాట అంది. జగిత్యాల పక్కన మా ఊళ్ళో ఖతర్‌ని కూడా దుబాయ్ అనే అంటారు. “దుబాయ్ల పంచాయితీలు మనకెందుకయ్యా? పనికి పోయినవా, వచ్చినవా, గట్లుండు.”

అలాగే ఉందామని రెండు రోజులు చూశాను. ఏ బండి కింద పడుకున్నా ఆ వెనక సీటే కళ్ళ ముందుకొచ్చేది. చివరికి సునీతకి నేనే ఫోన్ చేశాను. “అక్కా, రమణయ్యను మధ్యాహ్నం బండ్ల కూసోమని అడుగు. నేను గూడ వస్త.”

మా గ్యారేజీకి మధ్యాహ్నం భోజన విరామం పెద్దదే. ఆ వేళలో షోరూంకి వెళ్ళాను. ఆమె అప్పటికే బండిని క్లినిక్ బయట ఎండలో మాడ్చి తెచ్చింది. రమణయ్య రాజంపేట మనిషి, నలభై దాటినవాడు, ఇస్త్రీ చొక్కా. నన్ను చూడగానే ముఖం మారింది.

“నువ్వేంది సామీ ఈడ? మీ హంజాకు తెల్సునా?”

“భోజనం టైమన్నా. నా టైమే.”  “ఏం దొరకలేదన్న నేను. ఏం లేదనలే. రెండు ఒకటి గావు.”

అతను సునీత వైపు తిరిగాడు. “చూడండి మేడం, బండి బంగారం మాదిరి ఉంది. మీకు లైసెన్సు వచ్చి ఎన్నాళ్ళని? చెయ్యి తిరగాల గదా.”

 ఆమె వెనక్కి తగ్గలేదు. “అయితే పక్కన కూర్చోండి రమణయ్య గారూ. నేనే నడుపుతాను. ఆగకపోతే మళ్ళీ మీ గడప తొక్కను. ఆగితే మీరు బాగు చేయించాలి. రానంటారా, రేపు పొద్దున్నే వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే ఆఫీసుకెళ్తాను. ఆ తర్వాత మాకేమైనా సరే.”

అతను అర్బాబు కూర్చునే అద్దాల గదిలోకి ఒకసారి చూసి, నిట్టూర్చి, బండెక్కాడు.

బయల్దేరేముందు ఆమెకొకటి చెప్పాను. బ్రేకు తేలిగ్గా పడటానికి బ్రేక్ బూస్టర్ అని ఒకటుంటుంది. అది ఇంజను బలంతో పనిచేస్తుంది. ఇంజను ఆగినా ఒకట్రెండు సార్లు తొక్కడానికి సరిపడా శక్తి అందులో మిగులుతుంది. “టకటక తొక్కకు అక్కా. ఒక్కసారే గట్టిగ తొక్కి పట్టు. స్టీరింగు రెండు చేతుల్తోని గుంజు, తిరుగుతది.” ఆమె నేను చెప్పింది చెప్పినట్టే తిరిగి అప్పజెప్పింది.

ముందు సర్వీసు రోడ్డు మీద తిప్పింది. ఏమీ కాలేదు. రమణయ్య ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. “ఇంకెంతసేపు మేడం? మీరు చెప్పిన రోడ్డే ఎక్కండి, అయిపోతాది.” నాకు అది ఇష్టం లేదు. ఇక్కడ బండ్లు కుడివైపునే నడుస్తాయి కాబట్టి, అంచునుండే కుడి లేను వదలొద్దని మాత్రం చెప్పాను. ఆమె సల్వా రోడ్డు ఎక్కింది. నేను వెనక సీట్లో, పాప కూర్చునే చోట ఉన్నాను.

ఫ్లైఓవర్ ఎక్కుతుండగా మొదట ఏసీ చప్పుడు ఆగింది. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత మీటర్లలో ముళ్ళన్నీ ఒక్కసారిగా సున్నాకు పడిపోయాయి.

“ఆగిపోయింది,” అంది సునీత. అరవలేదు. 

రమణయ్య హజార్డ్ లైట్ల మీట నొక్కాడు. అవి వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. అద్దం దించి చెయ్యి ఊపుదామని చూశాను. అద్దం దిగలేదు. బండిలో ఎక్కడా కరెంటు చుక్క లేదు. మేము ఆగిపోతున్నామని వెనకవాళ్ళకి చెప్పే దారే లేదు. వెనక్కి చూస్తే నీళ్ళ ట్యాంకర్ ఒకటి ఎక్కి వస్తోంది. దాని ముందు భాగం వెనక అద్దంలో అంతకంతకూ పెద్దదవుతోంది. ఎత్తు ఎక్కుతుండటంతో మా వేగం చచ్చిపోతోంది.

“ఎంకటేసా! ఎంకటేసా! పక్కకు తియ్యమ్మా!” రమణయ్య రెండు చేతులూ డ్యాష్‌బోర్డుకి ఆనించి అరిచాడు.

“గుంజక్కా! కుడికి!”

ఆమె సీట్లోంచి సగం లేచి, ఒంటి బరువంతా స్టీరింగ్ మీద వేసి లాగింది. బండి మెల్లగా, చాలా మెల్లగా రోడ్డు అంచు గీత దాటింది. ట్యాంకర్ హారన్ చెవులు పగలగొడుతూ పక్కనుంచి పోయింది. ఆ గాలికి మా బండి ఊగిపోయింది. అప్పుడామె ఒక్కసారే బ్రేకు తొక్కి పట్టుకుంది.

బండి ఆగగానే ఆమె చటుక్కున వెనక్కి తిరిగి, “పాపా...” అని నా వైపు చేయి చాపింది. సీట్లో ఉన్నది నేనని, పాప స్కూల్లో ఉందని అర్థం కావడానికి ఆమెకి కొన్ని క్షణాలు పట్టింది. అప్పుడు ఏడ్చింది.

దిగి ఫ్లైఓవర్ అంచు గోడ పక్కకి చేరాం. రమణయ్య చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. “నాకు తెలీదమ్మా. మా పిల్లోళ్ళ తోడు, నిజంగా తెలీదు.” అతనికి తెలుసో తెలియదో నాకిప్పటికీ తెలియదు. “మా అర్బాబుకు నేనే చెప్తా. చెప్పినాక నా పని ఏమవుతాదో,” అన్నాడు.

బండి రికవరీ మీద మా గ్యారేజీకే వచ్చింది. హంజా దాన్ని లోపలికి తీయించాడు. ఫ్యూజ్ బాక్స్, అంటే బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటును బండి అంతటికీ పంచే పెట్టె, విప్పి చూశాను. అసలు కరెంటు దిగే బోల్టు చుట్టూ పచ్చటి తుప్పు. కంప్యూటర్‌కే కరెంటు ఆగిపోతే అది కోడ్ ఎలా రాస్తుంది? అనుమానమొచ్చి సీట్ల కింద కార్పెట్ ఎత్తాను. ఎండిన ఒండ్రుమట్టి. ఎక్కడో వరదలో మునిగిన బండి అది. తుడిచి, మెరుగుపెట్టి అమ్మారు.

రమణయ్య వచ్చి చూశాడు. “బోల్టు తుడిచేస్తే నడుస్తాది గదా సామీ?”

“నడుస్తది. మళ్ల ఎప్పుడాగుతదో నేను చెప్పలేను. ట్యాంకర్ ముందట నువ్వు గూడ కూసున్నవ్ గదన్నా, నువ్వే చెప్పు.”

అతను ఫోన్ తీసుకుని, అర్బాబుకి చెప్పడానికి బయటికెళ్ళాడు.

తర్వాతి రోజులు అందరికీ కష్టంగానే గడిచాయి. కంపెనీ ఫోన్ మోగితే చాలు సునీత భర్త ఉలిక్కిపడేవాడట. గేటు దగ్గర పెద్ద బండి ఆగితే నేనూ అంతే. ఒక పొద్దున నిజంగానే షోరూం అర్బాబు వచ్చాడు. ఒంటి మీద తెల్లటి తోబు, అంటే అరబ్బుల పొడుగాటి అంగీ. పెద్దవయసు. ఎవరితోనూ మాట్లాడకుండా వంగి, కార్పెట్ కింద మట్టిని వేళ్ళతో నలిపి చూశాడు. రమణయ్య వైపు చూసి, “కుల్లు బద్దల్,” అన్నాడు. అంతా మార్చండి అని. చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. సునీత భర్త ఉద్యోగానికి ఏమీ కాలేదు. రమణయ్య అక్కడే ఉన్నాడు. కానీ అలా అవుతుందని మాలో ఎవరికీ ముందు తెలియదు.

షోరూం ఖర్చుతోనే ఫ్యూజ్ బాక్సూ, తడిసిన వైరింగూ మొత్తం కొత్తవి వేశాను. వరసగా మధ్యాహ్నాలు ఎండలో పెట్టి, నడిపి చూశాను. ఎక్కడా ఆగలేదు. సునీతని పిలిచి తాళం ఇవ్వబోతే ఆమె అందుకోలేదు.

“నువ్వు బాగైందంటున్నావు. నా చేతులు నమ్మట్లేదన్నయ్యా.”

నేనే వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను. “పోదాం పా. యల్లా.”

అదే వేళ, అదే ఫ్లైఓవర్. ఎక్కుతుండగా యాక్సిలరేటర్ మీద ఆమె కాలు దానంతటదే సడలింది. వెనక బండివాడు హారన్ కొట్టాడు. ఆమె వేగం పెంచింది. దిగాక పెట్రోల్ బంకులో ఆపి, సీసాడు నీళ్ళూ తాగేసింది. ఆ తర్వాత చాలా నెలలు ఆమె సర్వీసు రోడ్డు మీదే వెళ్ళిందని తర్వాత తెలిసింది. నాకది తప్పుగా అనిపించలేదు.

ఆ కేసు తర్వాత నా పని పద్ధతి మారింది. బండి రాగానే స్కానర్ తగిలించను. ఎక్కడ ఆగింది, ఏ వేళలో, బండిలో ఎవరున్నారు అని ముందు అడుగుతాను. భయపడ్డ మనిషి అప్పుడు ఏం చూశాడో పూర్తిగా చెప్పేదాకా వింటాను. నాకు దొరకనప్పుడు, దొరకలేదన్న మాటతో పాటు బండి తీయొద్దని కూడా చెబుతాను. రోడ్డు మీద ఆగిన బండిని తిరిగి అప్పగించేటప్పుడు ఒక్కసారి పక్కన కూర్చుని, అది ఆగిన చోటు దాకా వెళ్ళొస్తాను. టైం దండగ అని హంజా సణుగుతాడు. పోయి రమ్మంటాడు కూడా. తాళం చేతికిస్తే నా డ్యూటీ అయిపోయిందని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ చోటు దాటాక, పక్కన మనిషి చేతులు స్టీరింగ్ మీద సడలాయా లేదా అని చూసి దిగుతున్నాను.