ఇరవై మూడో చీర

మా అత్తగారు ప్రయాణానికి సంచి సర్దుతుంటే చూడడం ఒకప్పుడు నాకు ఒళ్ళుమంట. పూటలో వచ్చేసే ఊరికి కూడా పది రోజుల సామాను. నాకు ఓపిక తక్కువ, మా బడిలో పిల్లల్ని అడిగినా చెబుతారు. ఆవిడకి తొందర తక్కువ. పదహారేళ్ళుగా ఇద్దరం ఒకే ఇంట్లో నెట్టుకొస్తున్నామంటే అందులో గొప్పతనం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

రెండేళ్ళ కిందట అమలాపురంలో మా వీధి ఆడవాళ్ళం ఇరవై రెండు మందిమి కలిసి ఒక బస్సు మాట్లాడుకున్నాం. లోపల రంగురంగుల లైట్లు, వెనక రెండు పెద్ద సౌండు బాక్సులు, మధ్యలో కొన్ని సీట్లు తీసేసి గంతులేయడానికి ఖాళీ. కాలేజీ కుర్రాళ్ళు దాన్ని పార్టీ బస్సు అంటారు. సాయంత్రం బయల్దేరి, ఎక్కడా తొందరపడకుండా యానాం మీదుగా కాకినాడ వెళ్ళి, సముద్రం ఒడ్డున తెల్లవారడం చూసి వచ్చేయాలని అనుకున్నాం. అంతకు ముందు మేం బస్సు మాట్లాడుకున్నామంటే దేవుడి మొక్కు కోసమో, ఎవరి పెళ్ళి కోసమో. ఈసారి ఊరికే, సరదాకి. ఆ మాట ఇంట్లో మగవాళ్ళతో చెప్పేసరికే సగం మందికి నోరు ఎండిపోయింది.

పెత్తనమంతా నాదే. వాట్సాప్ గ్రూపు పెట్టింది నేను. అందరం ఒకే చీర కట్టుకోవాలన్నదీ నేనే. మా వైపు ఇప్పుడు నలుగురు ఆడవాళ్ళు కలిసి గడప దాటితే చాలు, యూనిఫాం చీరలు ఉండాల్సిందే. గంధం రంగు, సన్నటి ఆకుపచ్చ అంచు. ఆ రంగు ఎంచింది కూడా నేనే, దానికి సాక్ష్యాలున్నాయి కాబట్టి ఒప్పేసుకుంటున్నాను.

జాకెట్లు కుట్టే పని టైలరక్క తీసుకుంది. మా ఎదురిల్లే, నలభై దాటిన మనిషి. కొన్నేళ్ళు కువైట్‌లో ఎవరింట్లోనో పనిచేసి వచ్చి, వీధిగదిలో మిషను పెట్టుకుంది. ఆవిడ నవ్వితే వీధి చివరికి వినపడుతుంది. అలాంటి మనిషి ఆ చీరని అటూ ఇటూ తిప్పి చూసి, "కాస్త ముదురు రంగయితే బాగుండేదేమోనండీ టీచరుగారూ" అంది.

"ముదురు రంగు రాత్రిపూట ఫొటోల్లో కనపడదక్కా."

"ఆయ్, అదీ నిజమేలెండి."

ఇరవై రెండు జాకెట్లూ కుట్టి అందరికీ ఇచ్చేశాక, తను మాత్రం రానంది. పండగ ఆర్డర్లున్నాయట. దగ్గర్లో ఏ పండగా లేదు. బతిమాలాను, కోప్పడ్డాను, లాభం లేకపోయింది. చివరికి మా అత్తగారు వెళ్ళి ఆవిడ మిషను పక్కన గంటసేపు కూర్చుని వచ్చారు. సాయంత్రానికి వస్తానని కబురంపింది.

"ఏం మంత్రం వేశారు అత్తయ్యగారూ?" అన్నాను.

"మంత్రమేం లేదమ్మా. సంచి నేను సర్దుతానని చెప్పేను, అంతే" అన్నారు ఆవిడ.

ఆ మాట నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకునే తీరికా లేదు. మర్నాడు ఆవిడ షాపుకి వెళ్ళి సరిగ్గా అదే చీర ఇంకొకటి తెచ్చారు. మనం ఇరవై రెండు మందిమే కదా, ఈ ఇరవై మూడోది ఎవరికని అడిగితే "ఉండనీ, ఉంటే తినదు, తాగదు" అని బీరువాలో పెట్టేశారు.

ఏమేం తెచ్చుకోవాలో నేను గ్రూపులో పద్నాలుగు వస్తువుల జాబితా పెట్టాను. పవర్ బ్యాంకు, సెల్ఫీ స్టిక్కు, లిప్‌స్టిక్కు, చిప్స్ పాకెట్లు, నల్లకళ్ళద్దాలు. రాత్రి బస్సులో నల్లకళ్ళద్దాలతో ఏం చూద్దామనుకున్నానో ఇప్పటికీ తెలియదు. అందరూ బొటనవేలు బొమ్మలు పెట్టారు. మా అత్తగారు అది చదవనే లేదు.

ఆవిడ సర్దే తీరు ఇదీ. ముందు ఖాళీ సంచిని మంచం మీద పెట్టి, ఏమీ వేయకుండా కాసేపు కూర్చుంటారు. వచ్చే మనుషుల్ని ఒక్కొక్కరినీ తలుచుకుంటారు. ఫలానా ఆవిడకి షుగరు, ఆకలికి ఆగలేదు, అందుకని అటుకులు, వేయించిన శనగలు. ఫలానా ఆవిడ మోకాలు వంచలేదు, అందుకని చిన్న ప్లాస్టిక్ స్టూలు. మూల ఇంటి కొత్తకోడలికి చీర నిలవదు, అందుకని ఒక పెద్ద పిన్నీసుకి గుచ్చిన ఇరవై చిన్న పిన్నీసులు. నిమ్మకాయలు, ఉప్పు, వాము, టార్చిలైటు, పాత పేపర్లు, వాంతులకి కవర్లు, ఉతికి మడతపెట్టిన నూలు గుడ్డలు, రెండు లంగాలు. అరిటాకు పరిచిన పెద్ద డబ్బాలో పులిహోర. అన్నిటికన్నా అడుగున నాలుగు మూలలా నాడాలు కుట్టిన ముదురు రంగు దుప్పటి. దారిలో ఎక్కడైనా దిగాల్సి వస్తే నలుగురు నాలుగు నాడాలు పట్టుకుంటే ఆడవాళ్ళకి గది తయారు. నా పద్నాలుగు వస్తువుల జాబితాలో ఆ అవసరం ఊసే లేదు. నేను వస్తువుల్ని తలుచుకున్నాను, ఆవిడ మనుషుల్ని తలుచుకున్నారు. ఇది ఇప్పుడు చెబుతున్న మాట. ఆ రోజు మాత్రం "ఆ గోనెసంచి నా సీటు పక్కన పెట్టకండి అత్తయ్యగారూ" అన్నాను.

బస్సు కదిలింది. ముమ్మిడివరం చేరకుండానే మేం గొంతులు పోగొట్టుకున్నాం. అక్కడ ఆగి మిరపకాయ బజ్జీలు తిన్నాం. నేను నాలుగు తిని, ఎక్కగానే మళ్ళీ గంతులు మొదలుపెట్టాను. యానాం వంతెన ఇంకా రానేలేదు, తిన్న బజ్జీలన్నీ నా గంధం రంగు కుచ్చిళ్ళ మీదికి వచ్చేశాయి.

మా అత్తగారు కవరు పట్టారు, నీళ్ళిచ్చారు, నిమ్మకాయ కోసి ఉప్పద్ది నోట్లో పెట్టారు. గుడ్డ కోసం సంచి తెరిచినప్పుడు పైన మడతపెట్టి ఉన్న ఇరవై మూడో చీర నా కంట పడింది.

"అబ్బ, నేను కక్కుకుంటానని ముందే తెలుసా మీకు!" అని తీసుకోబోయాను.

ఆవిడ చెయ్యి చీర మీద ఆగింది. కిటికీ పక్కన కూర్చుని చప్పట్లు కొడుతున్న టైలరక్క వైపు ఒకసారి చూశారు. "ఇందులో నా నూలు చీర ఉందమ్మా, మెత్తగా ఉంటుంది, అది కట్టుకోరాదూ" అన్నారు.

"గ్రూపు ఫొటో ఇంకా దిగలేదండీ. ఇంత చేసి నేనే వేరే చీరలో ఉంటానా?"

ఆవిడ చెయ్యి తీసేశారు. బస్సులోనే వెనక సీట్ల దగ్గర దుప్పటి పట్టించి, నేను ఆ కొత్త చీర కట్టుకుని రాణిగారిలా బయటికొచ్చాను.

యానాంలో గోదావరి గట్టున పులిహోర తిన్నాం. మళ్ళీ బస్సెక్కాక, అప్పటిదాకా సీటు వదలని టైలరక్క లేచింది. లేవడమేమిటి, పూనకమే. కువైట్‌లో ఆ ఇంటి పెద్దావిడ ఎలా నడిచేదో, ఫోనులో ఎలా అరిచేదో చేసి చూపిస్తుంటే మేం సీట్ల మీద పడి దొర్లాం. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆవిడే. అంత నవ్వు నవ్వుతున్న మనిషి ఉన్నట్టుండి ఆగిపోయి, వెనక సీట్లోకి వెళ్ళి, కొంగు ఒళ్ళో కుక్కుకుని కూర్చుంది. అలిసిపోయిందనుకున్నాం. పాట మారింది, మేం మళ్ళీ మొదలుపెట్టాం.

మా అత్తగారు లేచి ముందుకెళ్ళారు. "డ్రైవరుగారూ, కాస్త ఆపండి బాబూ. నాకు కడుపులో బాగోలేదు" అన్నారు. బస్సు ఒక కొబ్బరితోట పక్కన ఆగింది. సంచి, దుప్పటి తీసుకుని, "నువ్వొకర్తివి సాయం రావే" అని టైలరక్కని పిలిచారు. నేను లేస్తుంటే "నువ్వు కూర్చో, ఇప్పుడే కదా కక్కుకున్నావు" అని ఆపేశారు. పావుగంటకి ఇద్దరూ తిరిగొచ్చారు. టైలరక్క గంధం రంగు చీరలోనే ఉంది. మా అత్తగారు మాత్రం వెలిసిపోయిన నీలం నూలు చీరలో ఉన్నారు.

"ఏమైందండీ పిన్నిగారూ?" అని నలుగురైదుగురు ఒకేసారి అడిగారు.

"ఏముందమ్మా, ముసలిదాన్ని. దిగేలోగానే చీర తడుపుకున్నాను" అని ఆవిడే ముందు నవ్వారు. అందరూ నవ్వారు. పెద్దావిడ కదా, ప్రేమగానే నవ్వారు. నా తల మాత్రం కొట్టేసినట్టయింది. ఆ మాట అలా బస్సులో పైకి చెప్పాలా అని, యూనిఫాం చెడిందని, రెండు కోపాలూ కలిసి కాకినాడ దాకా ఆవిడతో మాట్లాడలేదు.

తెల్లవారింది. సముద్రం మీద ఎండ పడేవేళకి నేను అందరినీ వరసలో నిలబెట్టాను. టీ అమ్మే అతని చేతికి ఫోనిచ్చి, ఆవిడతో "అత్తయ్యగారూ, మీరు కాస్త వెనకకి, ఆ చివరికి వెళ్ళండి" అన్నాను. ఆవిడ వెళ్ళి నిలబడ్డారు. ముందు వరసలో నేను కుదిర్చి పెట్టిన టైలరక్క గబగబా వెనక్కి నడిచి ఆవిడ పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది. నా వరస చెడగొట్టిందని ఆవిడ మీదా విసుక్కున్నాను. ఇంటికొచ్చాక ఆ ఫొటోలో చివర్న నీలం రంగు కనపడకుండా కత్తిరించి గ్రూపుకి పెట్టాను. టైలరక్క భుజం కూడా సగం తెగిపోయింది. చూసినవాళ్ళంతా ఎంత బావుందో అన్నారు.

మూడో రోజున టైలరక్క ఉతికి ఇస్త్రీ చేసిన గంధం రంగు చీర పట్టుకుని మా ఇంటికొచ్చింది. అత్తగారు గుడికి వెళ్ళారు.

"పిన్నిగారి చీరండీ టీచరుగారూ" అని బల్ల మీద పెట్టింది. వెళ్ళలేదు. అక్కడే నిలబడి చెప్పింది. మూడో కాన్పు అయిన దగ్గర్నించీ గట్టిగా నవ్వినా, తుమ్మినా, ఎగిరినా ఆగదట. ఆరేళ్ళుగా అందుకే బస్సెక్కలేదట. లేతరంగు చీర చూడగానే గుండె జారిపోయిందట. "పిన్నిగారే వచ్చి, అదే చీర ఇంకోటి సంచిలో పెడతాను, తడిసినా ఎవరికీ తెలీదు, మార్చేసుకుందువు గాని రావే అన్నారండీ. ఆ రాత్రి తడిసింది ఆవిడ చీర కాదండీ, నాది. తోటలో ఆవిడ తన చీర విప్పి నాకు కట్టేరు."

ఆ ఇంకో చీర ఎవరి ఒంటి మీద ఉందో ఆవిడ అనలేదు. అననక్కర్లేదు కదా. నాకు చచ్చేంత సిగ్గేసింది.

అత్తగారు వచ్చాక వాకిట్లోనే పట్టుకున్నాను. "ఆ చీర నాకెందుకిచ్చారు? వద్దని ఒక్క మాటంటే పోయేది కదా!"

"ఎందుకు వద్దని నువ్వు అడుగుతావు. బస్సంతా వింటారు" అన్నారు చెప్పులు విప్పుతూ. "నేనేం చెప్పను?"

"మరి అంత మాట మీ మీద వేసుకోవడమెందుకండీ?"

"అరవై దాటినదాన్ని. నేను తడుపుకున్నానంటే నవ్వేసి మర్చిపోతారు. అది తడుపుకుందంటే కూడా నవ్వేసి మర్చిపోతారే. అదే మర్చిపోదు. ఇంక జన్మలో బస్సెక్కదు." అని లోపలికి వెళ్ళి కాఫీకి పాలు పెట్టుకున్నారు. ఫొటో సంగతి ఆ రోజూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు. నేనే వంటింట్లో నిలబడి తప్పయిందని ఏడ్చాను. "కాఫీ చల్లారిపోతుంది" అన్నారు.

తర్వాత నెలలో నేను, టైలరక్క కలిసి లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కాన్పులయ్యాక చాలామందికి ఉండేదేనని, సిగ్గుపడి దాచుకోవడం వల్లే ముదురుతుందని ఆవిడ చెప్పి కొన్ని వ్యాయామాలు నేర్పారు. ఇప్పుడు చాలా నయం. నిరుడు మేం మళ్ళీ బస్సు మాట్లాడుకుంటే అందరికన్నా ముందు పేరిచ్చింది టైలరక్కే. చీరలు వంకాయ రంగువి. సంచి నేను సర్దాను, ముందు ఖాళీ సంచి పక్కన కాసేపు కూర్చుని. మా అత్తగారు గుమ్మంలో నిలబడి చూసి, వాము మర్చిపోయావన్నారు.

ఇదంతా రాస్తానంటే టైలరక్క "రాసుకోండి, పేరు మాత్రం వద్దండీ" అంది. పేరు దాచుకుందే గాని సంగతి దాచుకోలేదు. ఆవిడ వీధిగదిలో మిషను పైన ఆ కాకినాడ ఫొటో పెద్దదిగా ఫ్రేము కట్టించి ఉంది. నేను కత్తిరించింది కాదు, నన్నడిగి పంపించుకున్నది, టీ అతను తీసింది తీసినట్టు. మొన్న నేను అక్కడుండగా జాకెట్టు కొలతలివ్వడానికి ఎవరో కొత్తావిడ వచ్చింది. ఫొటో కేసి చూసి, "అందరూ ఒకటే రంగులో ఉన్నారు, ఆ చివర పెద్దావిడకి చీర కుదర్లేదాండీ?" అని అడిగింది.

టైలరక్క టేపు మెడలో వేసుకుంటూ, "ఆవిడ చీర నేను కట్టుకున్నానండీ" అంది.